తోమిన పైసా

నా చేతికి వచ్చిన రాగిని నేను నల్లగ ఉండనియ్య. అది నా కొలువు. చార్‌కమాన్ దగ్గర ఒక గిన్నెల దుకాణంల తోముడు పని నాది. బిందెలు, గంగాళాలు, గుడి హారతి పళ్ళాలు, పెండ్లిండ్లకు కిరాయికి పోయొచ్చిన డేగిశలు అన్నీ నా ముంగటికే వస్తుండె. చింతపండు, ఉప్పు, ఇటుకపొడి, రెండు చేతులు. నాలుగో తరగతిల బడి మానేసినోనికి ఇంతకన్న సామాను ఏం గావాలె? బిందెల నా మొఖం కనవడేదాంక తోముతుంటి. కనవడ్డంక, "ఇగ సాలు, ఇంక తోమితే అందగాన్నయిత" అని లేస్తుంటి.

మా నిజాం నాటి హాలీ సిక్కా దినదినం తగ్గుకుంట పోయి, ఇండియా సర్కారు కల్దారు రూపాయలు నడుస్తున్న దినాలవి. నయా పైసలు గూడ కొత్తగ దిగినయ్. మాదన్నపేట మార్కెట్ల కూరగాయలమ్మే అవ్వలు నయా పైసను గోరుతోని గీకి, "ఇది పైసానా, అంగి గుండీనా?" అని అడుగుతుండ్రి. ఇండ్లల్ల గురుగుల దాచిపెట్టిన పాత రాగి పైసలు ఇగ ఎందుకని జనం తూకానికి అమ్ముకునేటోళ్ళు. అవి గోనెసంచులల్ల మా దుకాణం మూలకు వచ్చి పడుతుండె.

ఆ సంచుల కోసమే మున్షీజీ వస్తుండె. మొదటి దినం ఆయన సంచి ముంగట గొంతుక్కూసోని ఒక్కొక్క పైసా ఏరుతుంటే, "ఏం బాపూ, బియ్యంల రాళ్ళేరుతున్నవా?" అన్న. తల ఎత్తకుంటనే, "కాదు బిడ్డా, రాళ్ళల్ల బియ్యం ఏరుతున్న" అన్నడు. అంతే, ఆయన నాకు నచ్చిండు. నా మాటకు మాట అంటగట్టెటోడు ఆ బజార్ల ఇంకొకడు లేకుండె.

ఆయనది గుళ్ళె పూజలు చేసే ఇల్లు. అన్నదమ్ములందరు గర్భగుడిల ఉంటే, ఈయనొక్కడు ఫారసీ, ఉర్దూ చదివి కచేరిల మున్షీ అయిండు. కచేరిల ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చినంక ఆయన మేజా కిటికి పక్కనుంచి గోడ పక్కకు జరిగింది. కొన్ని దినాలకు ఆయన కూడ ఇంటికి జరిగిండు. శాలిబండల తమ్ముని ఇంట్ల ఒక అర్ర. ఆ అర్రల ఒక ఇనుప పెట్టె, పెట్టె నిండ నాణేలు. వాటి మీద ఫారసీల ఏం రాసుందో చదివేటందుకు బజార్ల ఆయన తప్ప దిక్కు లేకుండె. "నా చదువును ఇప్పుడు ఈ పైసలే గుర్తుపడుతున్నయ్" అని ఒకసారి అన్నడు. నవ్వుకుంట అన్నడని నేను గూడ నవ్విన.

నన్ను ఆదివారం బైఠక్‌కు తీస్కపోయింది ఆయనే. ఒకప్పుడు మాకు సెలవంటే జుమ్మా, శుక్రవారం. సర్కారు మారినంక ఆదివారం అయింది గద. ఆ పొద్దుగాల పత్తర్‌గట్టి కాడ ఒక గడియారాలు బాగుచేసే చాచా దుకాణంల నాణేల పిచ్చి ఉన్న నలుగురైదుగురు కూడుతుండ్రి. వెండి అమ్ముడు కొనుడు, సరాఫు పని చేసే సేటొకాయన తప్పకుంట వచ్చేటోడు. చాచా తన గడియారాల మేజా ఊడ్చి, నడుమ ఒక తెల్ల రుమాలు పరుస్తుండె. నాణెం ఒకరి చేతిల నుంచి ఇంకొకరి చేతిలకు పోవద్దు. రుమాలు మీద పెట్టాలె, అవతలాయన రుమాలు మీదికెళ్ళి తీస్కోవాలె, అంచులు పట్టుకోని. మొఖం మీద వేలు పెట్టొద్దు. కింద పడితే ఎవరి చేతిలకెళ్ళి పడ్డదన్న లొల్లి ఉండొద్దని ఆ పద్ధతి. ఇంకొక పద్ధతి కూడ ఉండె. ఎవరన్న తెచ్చిన నాణెం నకిలీ అని అనుమానమొస్తే, ఆ మాట మొఖం మీద అనొద్దు. "ఫిర్ దేఖేంగే" అనాలె, మళ్ళ చూద్దామని. అంటే అర్థం చేస్కొని ఆయన జేబుల ఏస్కోవాలె. ఎంత మర్యాద! నేను పోయేదాంక ఆ మర్యాద నడిచింది.

మున్షీజీ దగ్గర ఒక పైసా ఉండె. రాగిది, మందంగ, గుండ్రం గాకుంట, నాలుగు మూలల సుత్తి దెబ్బ తిన్నట్టు. అది మా సంచిల దొరికింది కాదు, ఆయన చిన్నప్పుడే ఎవరో ఇచ్చింది. దాని మీద అంచుకు ఒక ఊరి పేరు ఉన్నదని ఆయన అంటుండె. మూడక్షరాలు కనవడ్తయ్, మిగతావి రాగి బిళ్ళ సరిపోక అంచు బయటకు పోయినయ్. ఆ ఊర్ల టంకసాల ఉన్నట్టు ఏ కితాబుల లేదు. "కితాబు రాసినోడు ఈ పైసా చూడలే" అని మున్షీజీ. "ఎవడో మామూలు పైసా మీద తర్వాత ఉలితోని అక్షరాలు చెక్కిండు" అని సేటు కడుపుల మాట. గాని సేటు మర్యాదగ "ఫిర్ దేఖేంగే" అని ఊకుండె. చాచా గూడ గంతే.

నేను ఊకోలే. "మున్షీజీ, ఆ ఊర్ల టంకసాల ఎక్కడిది, కల్లు దుకాణం ఉంటది. తాగినోడెవడో సుత్తి లేపి గుద్దిండు" అన్న.

దుకాణం ఎగిరిపోయేటట్టు నవ్విండ్రు. చాచా చేతిల గడియారం ముల్లు కింద పడ్డది. మున్షీజీ కూడ నవ్విండు. ఆ దినం సంది దాని పేరు కల్లు పైసా. ప్రతి ఆదివారం సేటు, "ఏం మున్షీజీ, మన కల్లు పైసా ఎట్లున్నది, దిగిందా?" అని అడుగుడు, అందరు నా దిక్కు చూసి నవ్వుడు. నాకు మస్తు గొప్పగ ఉండె. చదువు లేనోని మాట చదువుకున్నోళ్ళు పట్టుకోని తిరుగుతున్నరని. మున్షీజీ ఆ పైసా తెచ్చుడు ఎప్పుడు మానేసిండో నేను గమనించలే.

ఒక ఆదివారం ఆయన కోటు లోపలి జేబుల నుంచి ఒక ఉత్తరం తీసిండు. ఎక్కడో దూరం పెద్ద పట్నంల పాత నాణేలు చూసి ఏదేందో తేల్చి చెప్పే పెద్దమనిషి ఒకాయన ఉన్నడట. మున్షీజీ ఆయనకు నెలల సంది రాస్తున్నడు. దీపావళి తర్వాతి ఆదివారం ఆయన పని మీద హైద్రాబాద్ వస్తున్నడు, బైఠక్‌కు వచ్చి ఆ పైసా చూస్తనన్నడు. "నిజమైతే నిజమని రాసిస్తడు, కాదంటే కాదని రాసిస్తడు. ఏదైనా నేను తల వంచుకుంట" అన్నడు మున్షీజీ. ఉత్తరం మడిచి మళ్ళ అదే జేబుల పెట్టుకున్నడు. ఇది ఇగ పైసా సంగతి కాదని ఆ దినం నాకు గూడ తెలిసింది. ఆయన చదివిన ఆ మూడక్షరాలు అసలువేనా, లేకపోతే ఆయన మనసుల మాత్రమే అసలువా అన్న సంగతి. తేలేది ఆయన మాట నిజమా కాదా అన్నది. పాపం కల్లు మాట అనకపోతే బాగుండు అని మొదటిసారి అనిపించింది.

దీపావళికి వారం ముందు ఆయన మా దుకాణానికి వచ్చిండు. తమ్ముని ఇంట్ల సున్నాలు వేస్తున్నరట. పెట్టెకు తాళమేసి మంచం కిందికి తోసిండు గని, ఈ ఒక్కటి మాత్రం కూలోళ్ళ నడుమ పెట్టబుద్ధైతలేదు. దూదిల చుట్టి, ముక్కుపొడి డబ్బిల పెట్టి నా చేతికిచ్చిండు. "నీ దగ్గరుంచు బిడ్డా. ఆదివారం నాడు తీస్కరా."

"నా దగ్గరనా? నేను కల్లు దుకాణంల తాకట్టు పెడ్త" అన్న.

"పెట్టు. వాళ్ళు గూడ తీస్కోరు, అది నకిలీ అని ఊరంత చెప్పినవ్ గద" అని పోయిండు.

పండుగ పొద్దుగాల మా అవ్వ లచ్చిమి పూజకు రూపాయలు, పైసలు పళ్ళెంల పోసి కడుగుతుండె. మా ఇంట్ల అది పద్ధతి. ఇంట్ల ఉన్న సిక్కాలన్ని చింతపండుతోని తోమి, పసుపు నీళ్ళల్ల ముంచి, తల్లి ముంగట పెట్టాలె. గూట్ల ఉన్న డబ్బి చూసింది.

"అండ్ల ఏముంది కొడుకా?"

"లచ్చిమే. గని నలుపు."

డబ్బి తెరిచింది. "అయ్యో, పండుగ నాడు ఇంట్ల మాసిన మొఖంతోని కూసోబెడ్తవా తల్లిని? నువ్వు ఊరందరి బిందెలు తోముతవ్, ఇది తోమరాదా?"

తోమొద్దని నాకెవ్వరు చెప్పలే. అంచు పట్టుకొమ్మన్నరు, మొఖం ముట్టొద్దన్నరు. తోమొద్దని చెప్పాలని ఎవరికీ తట్టలే. అన్నం తినేటోనికి మన్ను తినొద్దని ఎవరు చెప్తరు? నేను వేరే తీర్గ ఆలోచించిన. ఆ మూడక్షరాలు నల్లటి చిలుం కింద కూరుకపోయినయ్ గద, పెద్దమనిషికి కనవడకపోతే ఎట్ల? తేటగ చేసిస్తే దూరం నుంచే చదువుతడు. సేటు నోరు మూస్తడు. కల్లు మాట నేనన్నది, దాన్ని నేనే కడుగుత. మున్షీజీకి పండుగ కానుక.

చింతపండు పట్టించి తోమిన. అక్షరాల చుట్టున్న మైదానం అంత జల్దీ తేటబడ్డది. గని అక్షరాల సందుల నలుపు కదల్లే. మా పనిల నగిషీల ఇరికిన మురికి తీసేటందుకు తుమ్మముల్లు వాడ్తం, ఇనుప సూది గీత పెడ్తది, ముల్లు పెట్టది. ఎంత మొండి హారతి పళ్ళానికైనా ఒక ముల్లు ఎక్కువ. ఆ పైసాకు మూడు ముళ్ళు విరిగినయ్. నలుపు రాయి లెక్క ఉండె, నాలుగో ముల్లుకు గని ఊడలే. అవ్వ "నువ్వు పైసా తోముతున్నవా, బాయి తవ్వుతున్నవా?" అంటే, "లచ్చిమికి చెవుల గుబిలి తీస్తున్న" అన్న. ఇద్దరం నవ్వుకున్నం. పొద్దెక్కేసరికి పైసా కొత్త పెండ్లికొడుకు లెక్క తయారైంది. అవ్వ బొట్టు పెట్టి తల్లి ముంగట పెట్టింది. తర్వాత నేను కడిగి, తుడిచి, కొత్త దూదిల పెట్టిన.

ఆదివారం పెద్దమనిషి వచ్చిండు. సన్నగ, తెల్లని బట్టలల్ల, మెల్లగ మాట్లాడేటోడు. చాచా ఛాయ్ తెప్పించిండు, రుమాలు రెండు మడతలేసి పరిచిండు. సేటు కూడ ఆ దినం నవ్వకుంట కూసున్నడు. మున్షీజీ షేర్వానీ గుండీలన్ని పెట్టుకోని వచ్చిండు. నేను డబ్బి ఇచ్చిన. నా పెదవుల మీద మాట తయారుగ ఉండె. మున్షీజీ మూత తీసి, దూది విప్పి, పైసాను రుమాలు మీద పెట్టిండు.

అది మెరిసింది. తెల్ల రుమాలు మీద ఎర్రగ, నెత్తురు లెక్క.

నేను నోరు తెరిచిన. మున్షీజీ మొఖం చూసి మూసిన. ఆయన పైసాను చూస్తున్నడు. అప్పుడే తన చేతులకెళ్ళి జారి, ఇంకా కింద పడని వస్తువును చూసినట్టు చూస్తున్నడు.

చాచా లేచి నిలబడ్డడు. "యా అల్లా! ఎవరు తోమిండ్రు దీన్ని? గసుంటోని చేతులు విరుగ. వాడెవడైనా సరే, ఇగ నా మెట్లెక్కనియ్య!"

మున్షీజీ నా దిక్కు ఒక్కసారి చూసిండు. కోపం లేదు. ఒక్క చూపు.

"నేనే చాచా" అన్నడు. "పండుగ గద. ఇంట్ల పూజకు... నేనే తోమిన."

ఇరవై ఏండ్ల సంది నాణేలు చూస్తున్న మనిషి చిన్నపిల్లలు గూడ చేయని తప్పు చేసిండని అందరి మొఖాలల్ల. నకిలీ అన్నప్పుడు నవ్విండ్రు, ఇప్పుడు నవ్వు గూడ రాలే. అది నవ్వుకన్న పాడుగ ఉండె.

పెద్దమనిషి అంచులు పట్టుకోని, చాచా భూతద్దం కంటికి పెట్టుకోని మస్తు సేపు చూసిండు. తర్వాత రుమాలు మీద పెట్టి, మర్యాదగ అడిగిండు, "మున్షీజీ, ఒక్క మాట చెప్పుండ్రి. అక్షరాలు తర్వాత చెక్కినయైతే, వాటి సందులల్ల నలుపు పైన పూసింది ఉంటది, చింతపండు తగలంగనే పోతది. మొదటి సంది ఉన్నయైతే అండ్ల చిలుం వందల ఏండ్ల కింద గట్టిపడి ఉంటది, పైది పోయినంక గూడ లోపలిది ఓ పట్టాన రాదు. ఇప్పుడు పైసా చూసి నేను చెప్పలేను, అంత పోయింది. తోమినోళ్ళే చెప్పాలె. అక్షరాలల్ల నలుపు అల్కగ వచ్చిందా, మొండికేసిందా?"

మూడు ముళ్ళు. నా గొంతుల మూడు ముళ్ళు ఉన్నయ్. ఒక్క మాట అంటే సాలు. మొండికేసింది సాబ్, నేనే తోమిన, మూడు తుమ్మముళ్ళు విరిగినయ్. పుట్టిన సంది ఎన్నడు ఆగని నోరు నాది. గుళ్ళె పంతులును ఆటపట్టించిన నోరు, పోలీసు జవాన్ను నవ్వించిన నోరు. చాచా ఇంకా నిలబడే ఉన్నడు, మెట్ల దిక్కు చెయ్యి చూపించుకుంట. ఆ మెట్లు ఎక్కుడు ఇగ ఉండదు. ఆదివారం ఉండదు. నా మాట పట్టుకోని నవ్వే చదువుకున్నోళ్ళు ఉండరు. నేను ఛాయ్ కప్పు దిక్కు చూసుకుంట కూసున్న.

"యాది లేదు సాబ్" అన్నడు మున్షీజీ.

ఆయనకు యాది ఎట్లుంటది? ఆయన చూడనే లేదు.

పెద్దమనిషి పైసాను మళ్ళ దూదిల పెట్టి, డబ్బి మూసి, ఆయన దిక్కు జరిపిండు. "ఫిర్ దేఖేంగే, మున్షీజీ."

తర్వాతి ఆదివారం మున్షీజీ రాలే. ఆ తర్వాత గూడ రాలే. మూడో వారం నేను శాలిబండ పోయిన. అర్రల కొత్త సున్నం వాసన. ఆయన మంచం మీద కూసోని ఉర్దూ అఖ్బారు చదువుతుండె.

"కూసో" అన్నడు. "నువ్వు తోమినవని ఎవ్వరికి చెప్పకు. చెప్తే చాచా రానియ్యడు. నాకేముంది, నేను ఉన్నా లేకున్నా ఒకటే. నువ్వు పడుచోడివి, నీకు నలుగురు ఉండాలె."

నేను కూసోలే. "మున్షీజీ, నలుపు మొండికేసింది. అక్షరాలల్లది అల్కగ రానే రాలే. మూడు ముళ్ళు విరిగినయ్. మీ పైసా అసలుదే. మీ మాట నిజం."

ఆయన అఖ్బారు మడిచిండు. నా భుజం మీద చెయ్యేసిండు. అంత ప్రేమగ ఆయన నన్నెప్పుడు చూడలే.

"నువ్వు మంచోడివి బిడ్డా" అన్నడు. "ముసలోని మనసు ఉంచాలని చూస్తున్నవ్."

"ఒట్టు మున్షీజీ! మా అవ్వ తోడు!"

"నాలుగేండ్ల సంది నీ ఒట్లు వింటున్న గదరా. మొన్న గూడ ఒట్టేసే చెప్పినవ్, చార్మినార్ మీద ఒంటె ఎక్కిందని." ఆయన నవ్విండు. "పోనీ తియ్. మంచిగ చెప్పినవ్. మూడు ముళ్ళట. ఆ లెక్క మంచిగున్నది."

వచ్చే ఆదివారం చాచా మెట్ల మీద నిలబడి అందరి ముంగట చెప్పిన, నేనే తోమిన, మున్షీజీ కాదు, అక్షరాల నలుపు మొండికేసింది, పైసా అసలుదని. చాచా గడియారం మీదికెళ్ళి తల ఎత్తిండు. సేటు కండ్ల నీళ్ళొచ్చేటట్టు నవ్విండు. "క్యా భాయ్, పొద్దుగాల్నే కల్లు తాగినవా? ముసలాయన మీద దయ మంచిదే, గని దోస్తీ కోసం ఇంత మంచి కత కట్టొద్దు." చాచా సుత నవ్విండు. "రా, లోపలికి రా, ఛాయ్ తాగు" అన్నడు. నన్ను వెళ్ళగొడ్తే బాగుండు. నన్ను లోపలికి పిలిచిండ్రు.

పోస్టాఫీసు కాడ ఉత్తరాలు రాసేటాయనతోని పెద్దమనిషికి ఒక ఉత్తరం రాయించిన. "రాస్తున్నది ఎవరని పెట్టాలె?" అని అడిగిండు. "గిన్నెలు తోమెటోడని పెట్టు" అన్న. జవాబు రాలే. చేరిందో లేదో కూడ తెల్వదు.

మరుసటి ఏడు వానాకాలంల మున్షీజీ పోయిండు. జ్వరమని పడుకున్నడు, మూడో దినం లేవలే. ఇనుప పెట్టెను తమ్ముడు సేటుకే ఇచ్చిండు, సేటు మంచి ధర కట్టిండని విన్న. ముక్కుపొడి డబ్బి మాత్రం తమ్ముడు మా దుకాణానికి తెచ్చిచ్చిండు. "ఇది నీకియ్యమన్నడు. ఎందుకో చెప్పలే."

నేను ఆ మెట్లు ఎక్కుడు మానేసిన. చాచా వెళ్ళగొట్టలే, నేనే. ఇగ బిందెలు తోముతనే ఉన్న, తోమంగ తోమంగ మొఖం కనవడంగనే లేస్తున్న. ఇప్పుడు చూసి ఏం అనుకుంటలే.

డబ్బి ఇంకా నా దగ్గరనే ఉన్నది. అవ్వ ఉన్నన్ని దినాలు ప్రతి దీపావళికి అడిగేది, ఆ పైసా తోముదామా కొడుకా అని. వద్దన్న. ఏటేట అది నల్లబడుతున్నది. మొదలు అంచులు, తర్వాత మైదానం, తర్వాత అక్షరాల సందులు. మొన్న పండుగకు రుమాలు పరిచి, అంచులు పట్టుకోని కిటికి కాడ చూసిన. మొఖం మీద వేలు పెట్టలే. ఆ మూడక్షరాలు నేను ఇప్పటికీ చదవలేను, ఆయన చదివి వినిపించినప్పుడు నేను నవ్వుతుంటి. పైన నలుపు, లోపల నలుపు, అంత ఒక్కతీర్గ ఉన్నది. ఆ అక్షరాలు ఎప్పటివో ఇగ ఎవ్వలు చెప్పలేరు. నేను చెప్పగలను, గని నన్నెవ్వలు అడుగరు.